అమెరికాలో టెన్త్ గ్రేడ్: సోఫమోర్ ఏడాదిని ఆగస్టు నుంచి జులై దాకా ఎలా నడుపుకోవాలి

మన ఊళ్లలో పదో తరగతి అంటే ఏడాది చివర వచ్చే పబ్లిక్ పరీక్షలు. దసరా దాకా కాస్త నెమ్మదిగా నడిచినా సంక్రాంతి తర్వాత తెల్లవారుజామున లేచి చదివితే గట్టెక్కవచ్చు. అమెరికా హైస్కూల్లో టెన్త్ గ్రేడ్‌కి, అంటే సోఫమోర్ ఇయర్‌కి, అలా గట్టెక్కించే చివరి పరీక్ష లేదు. ఆగస్టులో రెండో వారం పెట్టిన పది మార్కుల క్విజ్ నుంచి ప్రతిదీ గ్రేడ్‌లో కలుస్తుంది. ఆ గ్రేడ్ ట్రాన్‌స్క్రిప్ట్ మీద, అంటే హైస్కూల్ మార్కుల రికార్డు మీద, శాశ్వతంగా ఉండిపోతుంది. పిల్లల్ని ఇక్కడ చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు చాలామంది ఈ తేడాని జనవరిలో గాని గమనించరు. అప్పటికి ఒక సెమిస్టర్ ముగిసిపోయి ఉంటుంది.

హైస్కూల్ నాలుగేళ్లలో తొమ్మిది ఫ్రెష్‌మన్, పది సోఫమోర్, పదకొండు జూనియర్, పన్నెండు సీనియర్. కాలేజీలకి దరఖాస్తు పెట్టేది సీనియర్ ఏడాది మొదట్లో. అప్పటికి పూర్తయి ఉండేవి ఆరు సెమిస్టర్లు, వాటిలో రెండు ఈ ఏడాదివే. కాలిఫోర్నియాలో ఉంటే ఈ ఏడాది బరువు ఇంకా ఎక్కువ. యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) కాలేజీలు జీపీఏ (గ్రేడ్‌ల సగటు) లెక్కలోకి తీసుకునేది తొమ్మిది అయ్యాక వచ్చే వేసవి నుంచి పదకొండు అయ్యాక వచ్చే వేసవి దాకా ఉన్న గ్రేడ్‌లనే. తొమ్మిదో తరగతి కోర్సుల్లో సీ గాని అంతకన్నా మంచి గ్రేడ్ గాని రావాలి, కానీ ఆ గ్రేడ్ జీపీఏలో కలవదు. అసలు లెక్క పదిలోనే మొదలవుతుంది. టెక్సస్‌లో ర్యాంకు గోల ఉంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ఇంతకుముందు క్లాసులో మొదటి 6 శాతానికి నేరుగా సీటు ఇచ్చేది, 2026 ఫాల్ నుంచి దాన్ని 5 శాతానికి తగ్గించింది.

మొదటి రెండు వారాలు: కాగితాలు సరిచూడటం

స్కూల్ తెరిచిన వారంలోనే తొమ్మిదో తరగతి ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పించుకోండి. మిడిల్ స్కూల్లో చేసిన ఆల్జీబ్రా వన్ గాని స్పానిష్ గాని హైస్కూల్ క్రెడిట్‌గా ఎక్కిందా, వేసవిలో ఆన్‌లైన్‌లో చేసిన కోర్సు గ్రేడ్ వచ్చిందా, వేరే రాష్ట్రం నుంచి మారినవారైతే పాత స్కూల్ క్రెడిట్‌లు కలిశాయా అన్నవి చూడండి. తప్పుంటే కౌన్సెలర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాలి. ఒక్కో కౌన్సెలర్‌కి 250 మందికి మించి విద్యార్థులు ఉండకూడదని స్కూల్ కౌన్సెలర్ల జాతీయ సంఘం చెబుతుంది గాని, చాలా స్కూళ్లలో అంతకన్నా ఎక్కువే ఉంటారు. సీనియర్ ఏడాది అక్టోబరులో అడిగితే అప్పటి రద్దీలో పని జరగదు.

తర్వాత ప్రతి సబ్జెక్టు సిలబస్ కాగితం తీసి మూడు విషయాలు ఒక పేజీ మీద రాయించండి: ఏ రకం పనికి ఎంత శాతం, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, తక్కువ వచ్చిన టెస్టు మళ్లీ రాయనిస్తారా. ఈ మూడూ ఒకే స్కూల్లో కూడా టీచర్‌ని బట్టి మారతాయి. ఒక క్లాసులో 70 దాకా మళ్లీ రాసుకునే వీలుంటుంది, పక్క క్లాసులో అసలు ఉండదు. ఆ పేజీ చదువుకునే బల్ల ముందు అంటించాలి.

గ్రేడ్‌బుక్ లెక్క

స్కైవర్డ్, పవర్‌స్కూల్, ఇన్ఫినిట్ క్యాంపస్, ఏరీస్ వంటి ఆన్‌లైన్ గ్రేడ్‌బుక్‌లలో ఏదో ఒకటి మీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటుంది. దాన్ని రోజుకి పదిసార్లు తెరిచి, ఒక 78 కనబడగానే పిల్లల మీద విరుచుకుపడటం అలవాటైపోయిన ఇళ్లు ఉన్నాయి. దానివల్ల పిల్లలు మార్కులు దాచడం నేర్చుకుంటారు, మరో ప్రయోజనం లేదు. వారానికి ఒకసారి, ఆదివారం సాయంత్రం, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పదిహేను నిమిషాలు చూడండి. చూడాల్సింది మార్కు కాదు, ఖాళీ గడి. ఇవ్వాల్సిన పని ఇవ్వకపోతే అక్కడ సున్నా పడుతుంది. సున్నా చేసే నష్టం చాలామంది అనుకునేదానికన్నా పెద్దది.

ఒక లెక్క చూడండి. టెస్టులకి 60 శాతం, రోజువారీ పనులకి 40 శాతం అనుకుందాం. టెస్టుల సగటు 88. రోజువారీ పనులు పదీ 95 చొప్పున వస్తే మొత్తం 52.8, 38 కలిపి 90.8, అంటే ఏ. ఆ పదిలో ఒక్కటి ఇవ్వకుండా వదిలేస్తే రోజువారీ సగటు 85.5కి పడిపోతుంది. మొత్తం 87, అంటే బీ. అదే పనిని ఆలస్యంగా ఇచ్చి 70 తెచ్చుకుంటే మొత్తం 89.8. గ్రేడ్‌ని దగ్గరి పూర్ణాంకానికి సవరించే స్కూల్లో అది మళ్లీ 90. కష్టమైన టెస్టులో నాలుగు మార్కులు పెంచుకోవడానికి ఒక వారం పడుతుంది. మర్చిపోయిన వర్క్‌షీట్ పూర్తి చేయడానికి అరగంట చాలు. తెలివైన పిల్లలు బీ తెచ్చుకునేది ఎక్కువగా ఇక్కడే.

సున్నా కనబడితే టీచర్‌కి మెయిల్ రాయాల్సింది మీరు కాదు, పిల్లలే. నాలుగు వాక్యాలు చాలు: ఏ క్లాసు, ఏ పీరియడ్, ఏ పని, ఎందుకు ఇవ్వలేదో ఒక్క ముక్కలో, ఎప్పటికి ఇవ్వగలరో, ట్యుటోరియల్ సమయంలో వచ్చి కలవవచ్చా. సాకులు పొడిగించకూడదు, మార్కు పెంచమని అడగకూడదు. పదిహేనేళ్లకి ఈ ఉత్తరం రాయడం రాకపోతే జూనియర్ ఏడాదిలో సిఫారసు లేఖ అడగడం కూడా రాదు.

జీపీఏ గురించి ఒక మాట. మామూలు లెక్కలో ఏకి 4, బీకి 3, సీకి 2. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులకి (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) చాలాచోట్ల ఒక పాయింట్ కలిపి 5.0 స్కేల్ వాడతారు. టెక్సస్‌లో కొన్ని డిస్ట్రిక్ట్‌లలో 6.0 స్కేల్ ఉంది. అందుకే కాలిఫోర్నియాలో ఉన్న బావగారి అబ్బాయి 4.3కీ, డల్లాస్ పక్కన ఉన్న మీ అమ్మాయి 5.4కీ పోలికే లేదు. కాలేజీలు స్కూల్ పంపే ప్రొఫైల్ చూసి ఆ స్కూల్ లెక్కలోనే అంచనా వేస్తాయి.

సబ్జెక్టుల్లో ఎక్కడ కాలు జారుతుంది

లెక్కల వరుస ఇది: ఆల్జీబ్రా వన్, జామెట్రీ, ఆల్జీబ్రా టూ, ప్రీకాల్క్యులస్, ఆపైన కాల్క్యులస్. పదిలో కొందరు జామెట్రీలో, ఒక ఏడాది ముందున్నవారు ఆల్జీబ్రా టూలో, రెండేళ్లు ముందున్నవారు ప్రీకాల్క్యులస్‌లో ఉంటారు. మన ఇళ్లలో వేసవిలో ఒక కోర్సు చేయించి పిల్లల్ని ముందుకి దూకించాలన్న ఆరాటం ఎక్కువ. దూకించి తీరాలనుకుంటే జామెట్రీని ఎంచుకోండి, ఆల్జీబ్రా టూ జోలికి వెళ్లొద్దు. లాగరిథమ్‌లు, రేషనల్ ఎక్స్‌ప్రెషన్లు, ఫంక్షన్ల రూపాంతరాలు ఆల్జీబ్రా టూలోనే వస్తాయి. ఆరు వారాల్లో అవి చేతికి పట్టవు. ఆ లోటు ప్రీకాల్క్యులస్‌లో అక్టోబరుకల్లా బయటపడి, కాల్క్యులస్ దాకా వెంటాడుతుంది.

సైన్స్ చాలా స్కూళ్లలో ఈ ఏడాది కెమిస్ట్రీ. తొమ్మిదిలో బయాలజీని గుర్తుపెట్టుకుని నెగ్గుకొచ్చిన పిల్లలకి మోల్ లెక్కలు వచ్చేసరికి అదే పద్ధతి పనికిరాదు. టెస్టుల మార్కులు 95 నుంచి 75కి జారేది ఆ యూనిట్‌లోనే. కారణం ఒక్కటే: గ్రాముల నుంచి గ్రాములకి నేరుగా దూకేస్తారు. దారి ఎప్పుడూ గ్రాములు, మోల్స్, మోల్స్, గ్రాములు. హైడ్రోజన్ 4 గ్రాములు అంటే 2 మోల్స్. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే సమీకరణం ప్రకారం అది 2 మోల్స్ నీరు ఇస్తుంది. మోల్‌కి 18 చొప్పున 36 గ్రాములు. ప్రతి అంకె పక్కన దాని యూనిట్ రాసి, పైనా కిందా కొట్టేయడం మొదటి రోజు నుంచి అలవాటు చేయించండి. యూనిట్ రాయని అంకె మీద సగం మార్కులు పోయే టీచర్లు ఉన్నారు, వాళ్లది తప్పు కాదు.

అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సుల్లో పదో తరగతి పిల్లలు ఎక్కువగా తీసుకునేవి వరల్డ్ హిస్టరీ, కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్. వరల్డ్ హిస్టరీ క్రీ.శ. 1200 ప్రాంతం నుంచి మొదలవుతుంది. విజయనగర సామ్రాజ్యం, భక్తి ఉద్యమం కూడా సిలబస్‌లో ఉన్నాయి, ఇంట్లో చెప్పుకోవడానికి మంచి సందర్భం. పరీక్షలో 55 బహుళైచ్ఛిక ప్రశ్నలకి 40 శాతం, మూడు చిన్న జవాబులకి 20, ఏడు పత్రాలు ఇచ్చి రాయించే వ్యాసానికి 25, మరో వ్యాసానికి 15. పత్రాల వ్యాసంలో పిల్లలు చేసే తప్పు ఏమిటంటే, ఒక్కో పత్రంలో ఏముందో సారాంశం రాసుకుంటూ పోతారు. దానికి మార్కులు రావు. ఏడు పాయింట్లలో వాదనకి ఒకటి, నేపథ్యానికి ఒకటి, ఆధారాలకి మూడు, విశ్లేషణకి రెండు. అంటే ముందు ఒక వాదన నిలబెట్టి, పత్రాన్ని దానికి సాక్షిగా పిలవాలి. సెప్టెంబరు నుంచి రెండు వారాలకి ఒక వాదన వాక్యం రాసి టీచర్‌కి చూపిస్తే మే నాటికి చేయి కుదురుతుంది.

కంప్యూటర్ సైన్స్ ప్రిన్సిపుల్స్‌లో మార్కుల్లో 30 శాతం పిల్లలు స్వయంగా చేసే ప్రోగ్రామ్ ప్రాజెక్టు భాగానిది. దాన్ని ఏప్రిల్ 30 లోపు సమర్పించాలి. ఆ రోజు రాత్రి దాకా ఆగిన పిల్లలకి వీడియో అప్‌లోడ్ కాక ఏడుపొస్తుంది. ఏప్రిల్ 20ని ఇంటి గడువుగా పెట్టుకోండి. మే పరీక్షలకి రిజిస్ట్రేషన్ మాత్రం శరదృతువులోనే, నవంబరు మధ్యలోపే పూర్తవ్వాలి. ఆ తర్వాతైతే అదనపు రుసుము పడుతుంది.

ఇంగ్లిష్ గురించి మనవాళ్లు తక్కువ కంగారు పడతారు, పడాల్సింది అక్కడే. వ్యాసాలు గూగుల్ డాక్స్‌లోనే మొదటి అక్షరం నుంచి రాయించండి. ఎక్కడో రాసి తెచ్చి అతికిస్తే, కంప్యూటర్ చేత రాయించారని అనుమానం వచ్చినప్పుడు చూపించడానికి వెర్షన్ హిస్టరీ ఉండదు. ఇంటర్నెట్‌లో దొరికిన పేరాని నాలుగు మాటలు మార్చి పెట్టడం ఇక్కడ అకడమిక్ డిస్‌హానెస్టీ. గైడు చూసి జవాబు రాయడం తప్పుకాని వాతావరణంలో చదివిన మనకి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది. రికార్డులోకి ఎక్కితే కౌన్సెలర్ కాలేజీకి రాసే కాగితం దాకా వెళ్లవచ్చు. ఇంట్లో ముందే స్పష్టంగా చెప్పండి.

అక్టోబరు, నవంబరు పరీక్షలు

అక్టోబరులో వచ్చే పీఎస్ఏటీ (కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీకి ముందస్తు పరీక్ష) పదో తరగతి పిల్లలకి కేవలం నమూనా. నేషనల్ మెరిట్ స్కాలర్‌షిప్‌కి లెక్కపెట్టేది పదకొండో తరగతిలో రాసినదాన్నే. అందుకని ఇప్పుడు కోచింగ్‌కి డబ్బు పోయనక్కర్లేదు. పరీక్ష కంప్యూటర్ మీద బ్లూబుక్ యాప్‌లో జరుగుతుంది. చదవడం, రాయడం కలిపి 54 ప్రశ్నలకి 64 నిమిషాలు, లెక్కలు 44 ప్రశ్నలకి 70 నిమిషాలు. స్కోరు 320 నుంచి 1520 మధ్య. ప్రతి విభాగం రెండు భాగాలుగా వస్తుంది, మొదటి భాగం ఎలా రాశారన్నదాన్ని బట్టి రెండోది తేలికగానో కష్టంగానో ఉంటుంది. కాబట్టి మొదటి భాగంలో తొందరపడి తేలిక ప్రశ్నలు పోగొట్టుకోకూడదు. తప్పుకి కోత లేదు, ఏ ప్రశ్నా ఖాళీగా వదలొద్దు. ముందు వారాంతంలో యాప్‌లో ఒక పూర్తి నమూనా పరీక్ష రాసి, అందులోనే ఉండే డెస్మోస్ కాల్క్యులేటర్ అలవాటు చేసుకుంటే చాలు. ఫలితం వచ్చాక ఏ రకం ప్రశ్నలు పోయాయో రాసి పెట్టుకోండి. అసలు ఎస్ఏటీ తయారీ ఆ చీటీ నుంచే మొదలవుతుంది.

లెక్కలు ఇష్టపడే పిల్లలకి నవంబరులో ఏఎమ్‌సీ 10 అనే లెక్కల పోటీ పరీక్ష రాయడానికి ఇదే ఆఖరి ఏడాది. పదకొండులోకి వెళ్తే ఏఎమ్‌సీ 12 రాయాలి. 25 ప్రశ్నలు, 75 నిమిషాలు, కాల్క్యులేటర్ లేదు. ఒప్పుకి 6, ఖాళీకి 1.5, తప్పుకి సున్నా. ఐదు ఎంపికల్లో గుడ్డిగా పెడితే సగటున 1.2 వస్తుంది, ఖాళీకన్నా తక్కువ. రెండు ఎంపికలు కొట్టేయగలిగితే సగటు 2, అప్పుడు పెట్టవచ్చు. పీఎస్ఏటీకి ఖాళీ వదలొద్దు, దీనికి వదలాలి. రెండూ నెల తేడాలో వస్తాయి కాబట్టి పిల్లలు కలగాపులగం చేసుకుంటారు. కొన్ని స్కూళ్లు ఈ పరీక్ష పెట్టవు. అక్టోబరు మొదట్లోనే దగ్గర్లో పెట్టే చోటు వెతకాలి.

డిసెంబరు: ఫైనల్స్, ఇండియా టికెట్లు

ఫైనల్‌కి ముందు ప్రతి సబ్జెక్టులో ఎంత తెచ్చుకోవాలో లెక్క కట్టండి. రెండు క్వార్టర్లకి 40 చొప్పున, ఫైనల్‌కి 20 శాతం అనుకుందాం. క్వార్టర్లలో 93, 90 వచ్చి ఉంటే చేతిలో ఉన్నది 73.2. స్కూల్ 89.5ని 90గా తీసుకుంటే కావాల్సింది ఇంకా 16.3, అంటే ఫైనల్‌లో 81.5. ఆ సబ్జెక్టుకి ఒక సాయంత్రం చాలు. మరో సబ్జెక్టులో 96 కావాలని తేలితే మిగిలిన సాయంత్రాలు దానికే. అన్నిటికీ సమానంగా సమయం పంచేవాళ్లు సరిగ్గా అంచు మీదున్న గ్రేడ్‌ని వదులుకుంటారు.

టికెట్ చౌకగా ఉందని సెలవులకి పది రోజుల ముందే హైదరాబాద్ విమానం ఎక్కడం ఈ ఏడాది నుంచి మానుకోవాలి. పోయిన ల్యాబ్‌లు, ఫైనల్స్ తిరిగొచ్చాక రాయాల్సి వస్తుంది, అప్పటికి కొత్త పాఠాలు మొదలవుతాయి. టెక్సస్‌లో చట్టమే ఉంది: క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ కోర్సు క్రెడిట్ ఆగిపోవచ్చు. సెమిస్టర్ 85 రోజులైతే ఎనిమిది రోజులు మాత్రమే వెసులుబాటు. సెలవు చీటీ ఇచ్చినంత మాత్రాన ఆ లెక్క మాయం కాదు. హాజరు కమిటీ ముందుకి వెళ్లి అదనపు గంటలు కూర్చోవాల్సి రావచ్చు. ఇంట్లో పెళ్లికో, పెద్దవాళ్లకి బాగోలేకో వెళ్లక తప్పకపోతే టికెట్ కొనకముందే అటెండెన్స్ ఆఫీసుతో మాట్లాడండి.

జనవరి, ఫిబ్రవరి: జూనియర్ ఏడాది కోర్సులు

ఏడాదిలో అతి ముఖ్యమైన కాగితం వచ్చే ఏడాది కోర్సులు ఎంచుకునే ఫారమే. అది ఒక మామూలు మంగళవారం నాడు క్లాసులో పంచిపెట్టేస్తారు. పిల్లలు పక్కవాళ్లని చూసి గడులు నింపి ఇచ్చేస్తారు. గడువు తేదీ డిసెంబరులోనే తెలుసుకుని, ఒక ఆదివారం నాలుగేళ్ల పట్టిక మొత్తం గీయండి: పైన తొమ్మిది నుంచి పన్నెండు, పక్కన ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్, రెండో భాష, కళలు. గ్రాడ్యుయేషన్‌కి కావాల్సినవి ముందు నింపి, మిగిలిన చోట ఇష్టమైనవి.

యూసీలకి వెళ్లాలనుకుంటే వాళ్ల జాబితాలో 15 ఏడాది పొడవు కోర్సులు ఉండాలి, వాటిలో 11 సీనియర్ ఏడాదికి ముందే పూర్తవ్వాలి. కళల కోర్సు ఒకటి, రెండో భాష రెండేళ్లు మన పిల్లలు తరచు వాయిదా వేసి ఇరుక్కునేవి. యూసీ జీపీఏలో ఆనర్స్ పాయింట్లు (కష్టమైన కోర్సులకి కలిపే అదనపు పాయింట్లు) మొత్తం ఎనిమిది సెమిస్టర్లకే, అందులో పదో తరగతివి నాలుగుకి మించవు. కాబట్టి పదిలో నాలుగైదు అడ్వాన్స్‌డ్ కోర్సులు ఎత్తుకుంటే అక్కడ కొత్తగా పాయింట్లు రావు.

జూనియర్ ఏడాదికి ఎన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులు అన్నది అందరూ అడిగే ప్రశ్న. ఈ ఏడాది రెండు చేసి రెండిట్లో ఏ తెచ్చుకుని, రాత్రి పదకొండులోపు పడుకోగలిగినవారికి వచ్చే ఏడాది మూడో నాలుగో. ఈ ఏడాది ఒకదానితోనే రాత్రి ఒంటిగంట అవుతుంటే ఇంకొకటి కలపడం దాకానే ఆగాలి. ఈ వయసుకి నిద్ర 8 నుంచి 10 గంటలని నిద్ర వైద్య నిపుణుల సంఘం చెబుతుంది. అది దొరకని పిల్లలకి ట్యూషన్ ఎంత పెట్టించినా అక్కరకు రాదు.

ఇదే నెలల్లో కొన్ని దారులు తెరుచుకుని మూసుకుపోతాయి. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా పదకొండు, పన్నెండు తరగతుల కార్యక్రమం. చేరాలో లేదో ఇప్పుడే తేల్చాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో పదకొండు నుంచి కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేకుండా చదివే రన్నింగ్ స్టార్ట్‌కి ఈ వసంతంలోనే సిద్ధం కావాలి. నార్త్ కరోలినాలో డర్హమ్, మోర్గంటన్ క్యాంపస్‌లున్న సైన్స్ అండ్ మ్యాథ్ రెసిడెన్షియల్ స్కూల్‌కి సోఫమోర్ ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. క్యారీ, మోరిస్‌విల్ వైపు ఉన్నవారికి ఇది దసరా నాటికే మనసులో ఉండాలి.

క్లాసు బయట చేసేవి

చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్‌లో కార్యకలాపాలకి ఉన్నవి పది గడులే, ఒక్కోదానికి వర్ణన 150 అక్షరాలు. ఏ తరగతుల్లో చేశారు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతుంది. మూడేళ్ల తర్వాత ఇవి గుర్తుండవు. ఇప్పుడే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి నెలకోసారి నింపండి. ఎనిమిది క్లబ్బుల్లో పేరు రాయించడం కన్నా, రెండిట్లో జూనియర్ ఏడాదికి ఒక బాధ్యత చేతికొచ్చేలా నిలబడటం మేలు. కూచిపూడి గాని కర్ణాటక సంగీతం గాని పదేళ్లుగా నేర్చుకుంటున్న పిల్లల్ని చదువు పేరుతో ఈ ఏడాది మాన్పించేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. దయచేసి అది చేయొద్దు. అంత లోతుగా, అంతకాలం చేసిన పని వాళ్ల దగ్గర మరొకటి ఉండదు.

తెలుగు చదవడం రాయడం వచ్చిన పిల్లలకి ఇంకో దారి ఉంది. ఆవాంట్ సంస్థ పెట్టే స్టాంప్ పరీక్ష తెలుగులో కూడా ఉంది, రాయడం, మాట్లాడటం పరీక్షిస్తుంది. దాని స్కోరుతో కొన్ని డిస్ట్రిక్ట్‌లు రెండో భాష క్రెడిట్ ఇస్తాయి, కొన్నిచోట్ల డిప్లొమా మీద ద్విభాషా ముద్రకి ఉపయోగపడుతుంది. మీ డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటుందా, ఎంత స్థాయి కావాలి అన్నది వరల్డ్ లాంగ్వేజెస్ విభాగానికి మెయిల్ పెట్టి అడగండి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ రాయడం రాని పిల్లలే దీనిలో తప్పుతారు. వేసవి మొత్తం రోజుకి ఒక పేరా రాయిస్తే ఆ లోటు పూడుతుంది.

కారు తాళాలు

పదిహేను, పదహారు ఈ ఏడాదిలోనే వస్తాయి. టెక్సస్‌లో 15కి లెర్నర్ లైసెన్స్, ఆరు నెలలు దాటి 16 నిండాక ప్రొవిజనల్. 32 గంటల క్లాసు, 44 గంటల డ్రైవింగ్ పాఠం, అందులో 30 గంటలు పెద్దవాళ్లతో, పది రాత్రిపూట. స్కూల్ నుంచి ఎన్‌రోల్‌మెంట్ ధ్రువపత్రం కూడా కావాలి, ఇది మర్చిపోయి కౌంటర్ దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ. కాలిఫోర్నియాలో 15 ఏళ్ల 6 నెలలకి పర్మిట్, 16కి లైసెన్స్, మధ్యలో 50 గంటల సాధన. లైసెన్స్ వచ్చిన మొదటి ఏడాది రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా, పెద్దవాళ్లు పక్కన లేకుండా 20 ఏళ్ల లోపు స్నేహితులతో, బండి తీయకూడదు. న్యూజెర్సీలో పర్మిటే 16కి. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలు పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) పట్టుకెళ్లాలి. లైసెన్స్ గడువు సాధారణంగా ఐ-94 గడువుతో ముడిపడుతుంది. సగటు బీ ఉంటే చాలా బీమా కంపెనీలు తగ్గింపు ఇస్తాయి, రిపోర్టు కార్డు పంపండి.

వేసవి

పోటీపడి సీటు తెచ్చుకునే వేసవి కార్యక్రమాల గడువులు జనవరి నుంచి మార్చి మధ్యలో ఉంటాయి. మే నెలలో వెతికితే మిగిలేవి డబ్బు కట్టి చేరేవే. పేరున్న యూనివర్సిటీ హాస్టల్లో మూడు వారాలు ఉండి వచ్చినంత మాత్రాన ఆ యూనివర్సిటీలో సీటుకి మేలు జరగదు. ఆ డబ్బుకన్నా కమ్యూనిటీ కాలేజీలో ఒక కోర్సు, ఒక సొంత ప్రాజెక్టు, లైబ్రరీలో స్వచ్ఛంద సేవ ఎక్కువ పనికొస్తాయి.

హెచ్-4 కుటుంబాలు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ పిల్లలు జీతం తీసుకుని పని చేయకూడదు. తోటి పిల్లలు ఐస్‌క్రీమ్ దుకాణంలో చేరుతున్నారని మీ పిల్లల్ని పంపొద్దు. జీతం లేకపోయినా లాభాపేక్ష ఉన్న కంపెనీలో, మరొకరికి జీతమిచ్చి చేయించే పని ‘ఇంటర్న్‌షిప్’ పేరుతో చేయించడం కూడా చిక్కే. లాభాపేక్ష లేని సంస్థలో సేవ చేయవచ్చు. ఫెడరల్ ప్రయోగశాలల కార్యక్రమాల్లో చాలావాటికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు, దరఖాస్తు మొదలుపెట్టకముందే ఆ వాక్యం వెతకండి. ఫెడరల్ ఆర్థిక సాయానికి కూడా ఈ పిల్లలు అర్హులు కారు. 21 నిండితే హెచ్-4 పోతుందన్న సంగతి, కాలేజీ ఖర్చు సంగతి పిల్లలకి ఈ వేసవిలో కూర్చోబెట్టి చెప్పండి. దాచిపెట్టి సీనియర్ ఏడాదిలో చెబితే వాళ్లు తయారుచేసుకున్న కాలేజీల జాబితా మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది.

జూన్‌లో గ్రేడ్‌లు ఖరారయ్యాక ట్రాన్‌స్క్రిప్ట్ మళ్లీ తెప్పించి ఆగస్టు కాపీ పక్కన పెట్టి చూడండి: క్రెడిట్‌లు పూర్తిగా ఎక్కాయా, వెయిటెడ్ జీపీఏ పిల్లలు చేతితో కట్టిన లెక్కతో సరిపోతోందా. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ స్కోర్లు జులై మొదట్లో వస్తాయి. ఐదుకి 2 వచ్చినా క్లాసు గ్రేడ్ మారదు, ఆ స్కోరు ఏ కాలేజీకి పంపాలో తర్వాత మీరే నిర్ణయించుకోవచ్చు. వచ్చే ఏడాది క్లాసుల జాబితా పోర్టల్‌లో కనబడగానే ఫిబ్రవరిలో ఇచ్చిన కాగితంతో సరిచూసి, తేడా ఉంటే క్లాసులు మొదలయ్యే వారానికి ముందే కౌన్సెలర్‌కి రాయండి. షెడ్యూల్ మార్పులకి చాలా స్కూళ్లు ఇచ్చే గడువు కొద్ది రోజులే.